రియూనియన్ ద్వీపానికి నేను చుట్టిన సున్న

ముప్పై ఒక్క సంవత్సరాలు సత్తెనపల్లిలోని ఒక డిగ్రీ కళాశాలలో రాజనీతిశాస్త్రం బోధించాను. ఏ సంవత్సరం ఏ హోదా దక్కిందో, ఏ సంఘంలో సభ్యుడిగా ఉన్నానో ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న మీకు అక్కరలేని విషయాలు. నేను బాగా చెప్పిన పాఠాలు ఏవైనా ఉంటే విద్యార్థులకు జ్ఞాపకం ఉంటాయి. చేసిన అన్యాయాన్ని మాత్రం నేనే చెప్పుకోవాలి. ఇది ఎనభై ఎనిమిదవ సంవత్సరం నాటి మాట. ఆ వేసవిలో నాకు తగిలిన దెబ్బ నుంచి నేటికీ పూర్తిగా తేరుకోలేదు.

గురువుగారి నాలుగు పుటలు

నా బాల్యవిద్య అద్దంకిలో, మా తండ్రిగారి ఎదుట చాప మీద సాగింది. కావ్యాలను వ్యాఖ్యానంతో చదివాను. తర్కశాస్త్రంలో కొంత పరిశ్రమ చేశాను. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని ప్రమాణాలు నాలుగని పన్నెండేళ్ళకే వల్లించినవాణ్ణి. గురుముఖతః విన్నదాన్ని అక్షరం పోకుండా అప్పగించడమే విద్య అని ఆ వయసులో కుదిరిన నమ్మకం, తరువాత ఆధునికశాస్త్రం చదివినా నన్ను వదలలేదు.

బి.ఏ. చివరి సంవత్సరంలో ఆధునిక ప్రభుత్వాలని ఒక పేపరు ఉండేది. బ్రిటను, అమెరికా, స్విట్జర్లాండు, ఫ్రాన్సు అందులోని దేశాలు. ఫ్రాన్సు గురించి మా గురువుగారు నాకు చెప్పిన నోట్సును నేను పదిలంగా దాచుకున్నాను. దానిలో సముద్రాంతర ద్వీపాల మీద నాలుగు పుటలు ఉన్నాయి. వాటి సారం ఇది: ఆ ద్వీపాలు పారిసు నియమించిన గవర్నరు ఏలుబడిలో ఉండును. అచ్చటి ప్రజలకు ఓటు లేదు. పార్లమెంటున ప్రాతినిధ్యము లేదు.

ఇరవై ఏళ్ళపాటు ప్రతి ఫిబ్రవరిలోనూ ఆ నాలుగు పుటలనే చెప్పాను, పిల్లలు రాసుకున్నారు. కామా ఎక్కడ పెట్టాలో కూడా చెప్పేవాణ్ణి. ఆ నోట్సు ఎప్పటిదని నేను ఒక్కనాడూ ఆలోచించలేదు. శాస్త్రవాక్యానికి వయసు అడగడం నాకు అలవాటు లేదు.

ఫిబ్రవరి మా ప్రాంతంలో మిరపకోతల కాలం. తరగతిలో సగం బల్లలు ఖాళీగా ఉండేవి. కూలికి పోయే ఇళ్ళ పిల్లలు మూడు నాలుగు వారాలు చేలలోనే ఉండి, తిరిగి వచ్చాక తోటివాళ్ళ పుస్తకాలు చూసి నోట్సు ఎక్కించుకొనేవారు. ఎక్కించుకోలేనివాళ్ళు నష్టపోయేవారు. వాళ్ళ నష్టం వాళ్ళదే అనుకొనేవాణ్ణి.

మూల్యాంకన శిబిరం

ఆ ఏడాది విశ్వవిద్యాలయం నన్ను ఆ పేపరుకు ప్రధాన పరీక్షకుడిగా నియమించింది. ఏ ప్రశ్నకు ఏమి రాస్తే ఎన్ని మార్కులో సూచించే సమాధాన సూత్రాలు, అంటే మేము కీ అని పిలుచుకొనేది, నేనే తయారు చేయాలి. మిగిలిన పరీక్షకులందరూ దానిని అనుసరించి దిద్దాలి. ఇరవై మార్కుల ప్రశ్న ఒకటి ఫ్రాన్సు పార్లమెంటు గురించీ, సముద్రాంతర ద్వీపాల పరిపాలన గురించీ వచ్చింది. మా గురువుగారి వాక్యాలనే కీలో పెట్టాను.

శిబిరం గుంటూరులో, మే నెల ఎండల్లో జరిగింది. మార్కెట్ యార్డు వైపు నుంచి గాలి తిరిగినప్పుడల్లా మిరప ఘాటుకు హాలంతా తుమ్ములు. మూడవరోజు మధ్యాహ్నం శేషగిరి అనే యువకుడు ఒక జవాబు పత్రం పట్టుకొని నా బల్ల దగ్గరకు వచ్చాడు. ఒంగోలు వైపు కళాశాలలో చేరి రెండేళ్ళయిన ఉపన్యాసకుడు.

"మాస్టారూ, ఒక్కసారి ఈ పేపరు చూస్తారా?"

"ఏముందయ్యా అందులో?"

"మీ కీకి సరిగ్గా ఎదురు రాశారండీ. కానీ వివరాలు చూస్తుంటే ఊరికే అల్లినట్టు లేదు."

పత్రాల మీద పేర్లుండవు, అంకెలే ఉంటాయి. రాసినవారెవరో మాకు తెలియదు. నేను ఆ జవాబు మొదటి నాలుగు వాక్యాలు చదివాను. రియూనియన్ అనే ద్వీపం ఫ్రాన్సుకు ఎంతో దూరాన హిందూ మహాసముద్రంలో ఉన్నా, ఫ్రాన్సులోని ఒక జిల్లాతో సమానమని ఉంది. అక్కడివారు అధ్యక్షుని ఎన్నికలో ఓటు వేస్తారని, పారిసు సభకు తమ సభ్యులను పంపుతారని ఉంది. నాలుగవ వాక్యం ఇది: "ఈ సంగతి మా ఆస్పత్రి సిస్టరుగారు స్వయంగా చెప్పారు."

నేను పగలబడి నవ్వాను.

"బాగుందయ్యా శేషగిరీ! ఇవాళ సిస్టరుగారు చెప్పారని ఫ్రాన్సును మార్చారు. రేపు కాంపౌండరుగారు చెప్పారని మన రాజ్యాంగాన్నే మార్చేస్తారు."

పక్కబల్లల వాళ్ళు కూడా నవ్వారు. శేషగిరి నవ్వలేదు.

"పోనీ, ఒకసారి ఎక్కడైనా చూద్దామాండీ? కొత్త పుస్తకం ఏదైనా..."

"చూడడానికి కీ ఉంది కదయ్యా. ఎవరికి తోచింది వాళ్ళు వేసుకుంటే ఇక నేనెందుకూ, శిబిరమెందుకూ?"

అతని చేతిలోని ఎర్రకలం తీసుకొని ఆ జవాబు పక్కన నేనే సున్న చుట్టాను. అతను పత్రం తీసుకొని తన బల్లకు వెళ్ళిపోయాడు. నాకు మధ్యాహ్నపు కాఫీ వచ్చింది.

నాలుగు మార్కులు

ఫలితాలు జూన్‌లో వచ్చాయి. ఒకనాటి ఉదయం మా వాకిట్లో ఒక తల్లీ కూతురూ నిలబడ్డారు. కూతురు దీవెనమ్మ, చివరి సంవత్సరంలో మా విద్యార్థిని. ఊరి బయట చర్చి పక్కనున్న కూలిజనం ఇళ్ళలో పెరిగిన పిల్ల. రెండో బల్లలో కూర్చొని తలెత్తకుండా రాసుకొనేది. తల్లి పేరు కాంతమ్మ. మాట్లాడడం ఆవిడే మొదలుపెట్టింది.

"ఏం సారూ, మా పిల్ల తప్పిందంట! తెల్లారగట్ట లేచి బుడ్డిదీపం కాడ చదివిందయ్యా. నేనైతే పుస్తకం మొహం చూళ్ళేదు గానీ, చదివే మొహం ఎట్టుంటదో నాకు తెలీదా?"

"అమ్మా, నువ్వుండు," అన్నది దీవెనమ్మ. "సార్, మిగతావన్నీ ఫస్టుక్లాసు మార్కులే. మీ పేపరులో ముప్పై ఒకటి వచ్చింది. నాలుగు మార్కులకు పోయింది."

"ఏ ప్రశ్న సరిగా రాయలేదు?"

"అన్నీ రాశాను సార్. గుంటూరులో బి.ఇడి. సీటు వచ్చింది నాకు. ఈ నెలాఖరులోగా పాసైన మార్కుల లిస్టు చూపించకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. తిరిగి దిద్దమని దరఖాస్తు పెట్టాను. మీరొక మాట చెబితే త్వరగా చూస్తారని వచ్చాం."

"ఫ్రాన్సు ప్రశ్నకు ఏం రాశావమ్మా?" యథాలాపంగా అడిగాను.

"ఆ పాఠం మీరు చెప్పినప్పుడు నేను మిరపకోతల్లో ఉన్నాను సార్. నోట్సు అడిగితే ఎవరూ ఇవ్వలేదు. మా ఆస్పత్రి సిస్టరుగారిని అడిగాను. ఆమెది రియూనియన్ ద్వీపమే కదా అని, వాళ్ళ ప్రభుత్వం సంగతంతా చెప్పించుకొని రాశాను."

నా చేతిలోని దినపత్రిక ఒళ్ళోకి జారింది. హాలులోని నవ్వు చెవుల్లో మోగింది. అయినా మనిషి అహంకారం ఎంత మొండిదో చూడండి, అప్పటికీ నేను అడిగిన ప్రశ్న ఇది:

"ఎవరూ, ఆ కేరళ సిస్టరా? ఆవిడకు ఫ్రాన్సు సంగతి ఏం తెలుసు?"

"కేరళ కాదు సార్. నల్లగా ఉంటారని, సిస్టరు కదా అని అందరూ అట్లాగే అనుకుంటారు."

ఓటరు కార్డు

ఆ పూటే వారితో కలిసి చర్చివారి ఆస్పత్రికి వెళ్ళాను. సిస్టర్ తెరేజ్‌కు ఏభై ఏళ్ళుంటాయి. పుళ్ళకు కట్లు కట్టే గదిలో ఉన్నారు. ఆమెను నేను బజారులో పదిసార్లయినా చూసి ఉంటాను. మన చేలలో పని చేసే ఏ స్త్రీ పక్కన నిలబెట్టినా తేడా చెప్పలేం. ఆమె ముత్తాత మన తీరం నుంచే చెరకు నరికే కూలిగా ఓడ ఎక్కి ఆ ద్వీపానికి వెళ్ళాడట.

నేను వచ్చిన పని చెప్పాను. ఆమె చేతులు కడుక్కొని లోపలికి వెళ్ళి ఒక రేకుపెట్టె తెచ్చారు. ఫ్రెంచి పాస్‌పోర్టు తీసి బల్ల మీద పెట్టారు. దాని పక్కన ఓటరు కార్డు పెట్టారు. ఎన్నిక జరిగిన ప్రతిసారీ వేసిన ముద్రలు దాని మీద వరుసగా ఉన్నాయి.

"ఈ ఏడు ప్రెసిడెంటు ఎలక్షను, సార్. నేను ఇక్కడ ఉన్నాను. అందుకు పాండిచ్చేరి వెళ్ళి మా కాన్సులు ముందు సంతకం పెట్టాను. నా ఓటు మా తమ్ముడు వేశాడు. కొత్త కార్డు అతని దగ్గర ఉంది. ఇది పాతది."

నేను ఆ కార్డును చేతిలోకి తీసుకున్నాను. నా ఇరవై ఏళ్ళ పాఠం దానిని పట్టుకున్న రెండు వేళ్ళ మధ్య చచ్చిపోయింది. ఓటు లేదు, ప్రాతినిధ్యము లేదు అని ఎన్ని వందలమంది చేత రాయించాను!

"మరి గవర్నరు?" అన్నాను.

"గవర్నరు మా అమ్మ కాలంలో, సార్. పెద్ద యుద్ధం తర్వాత మేము జిల్లా అయ్యాం. అప్పటినుంచి ప్రిఫెక్టు. మీ కలెక్టరు మాదిరి, పారిసు పంపిస్తుంది. ముందు ప్రిఫెక్టు మాటే మాట. ఇప్పుడు ఐదారేళ్ళ కింద కొత్త చట్టం వచ్చింది. మేము ఎన్నుకున్న మండలి అధ్యక్షుడి చేతికి పని వచ్చింది. ఇంకో మండలి కూడా పెట్టారు, అదే భూమికి. ఒక ద్వీపం, రెండు మండళ్ళు!" ఆమె నవ్వారు. "రోడ్డు గుంట పూడ్చమంటే నీదంటే నీది."

"అంతా అంత బాగుందా అక్కడ?"

"లేదు సార్. మా నాన్న రోజుల్లో ఓటు పెట్టెలు దొంగ కాగితాలతో నింపేవాళ్ళు. కర్రలతో కొట్టుకునేవాళ్ళు. మా పని మేమే చూసుకుంటాం అనే పార్టీ ఒకటి, ఫ్రాన్సుతోనే ఉందాం అనే పార్టీ ఒకటి. మా ఇంట్లోనే రెండూ ఉన్నాయి. చట్టం పారిసుది, మాది ఒకటే అంటారు. కూలి మాత్రం ఒకటి కాదు, మాకు తక్కువ."

గుమ్మంలో కూర్చున్న కాంతమ్మ ఆ మాటకు తలెత్తింది.

"ఓటుండీ కూలి తక్కువైతే, ఇంకేం సిస్టరమ్మా, అది మా ఊరే! దానికి ఓడెక్కి పోవడం దేనికి మీ తాత?"

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను నవ్వలేకపోయాను. కార్డు తిరిగి ఇస్తూ, మా గురువుగారి నోట్సు యుద్ధానికి ముందరిది అయి ఉంటుందనీ, ఆనాటికి అది నిజమేననీ ఒక మాట అన్నాను. మునిగేవాడు గడ్డిని పట్టుకోవడం వంటిది ఆ మాట. సిస్టరుగారు తల అడ్డంగా ఊపారు.

"కాదు సార్. గవర్నరు ఉన్నప్పుడు కూడా మా ద్వీపం నుంచి పారిసు సభకు సభ్యులు వెళ్ళేవాళ్ళు. మా తాత వాళ్ళ పేర్లు చెప్పేవాడు."

తరువాత గుంటూరు గ్రంథాలయంలో వెదికి చూశాను. ఆమె చెప్పినదే నిజం. ఆ నాలుగు పుటలు కాలం గడిచి తప్పు కాలేదు. మా గురువుగారి కలం నుంచి వెలువడిన రోజునే అవి తప్పు. ఆయన ఎవరి నోటి నుంచి విన్నారో!

ఆస్పత్రి మెట్ల మీద దీవెనమ్మతో చెప్పాను. చెప్పకుండా ఇంటికి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు.

"అమ్మా, నీ పేపరు నా చేతికే వచ్చింది. దిద్దినతను అనుమానపడి నాకు చూపించాడు. సున్న చుట్టింది నేనే."

కాంతమ్మ మెట్టు మీద కూలబడింది.

"అంటే, తమరే తప్పించి, తమరింటికే మమ్మల్ని తిప్పించుకున్నారా సారూ!"

ఉత్తరం

పరీక్షల విభాగాధికారిని మరునాడు ఫోనులో అడిగాను. తిరిగి దిద్దినా నా కీ ప్రకారమే దిద్దుతారనీ, మళ్ళీ సున్నే వస్తుందనీ చెప్పారు. కీ తప్పని దానిని రాసినవాడు లిఖితపూర్వకంగా ఒప్పుకొంటే తప్ప మార్గం లేదు. ఒప్పుకొంటే ఇక పరీక్షకుల జాబితాలో నా పేరుండదు. ఆ జాబితాలో పేరుండడం ఆ రోజుల్లో మా వృత్తిలో ఎంతటి గౌరవమో ఇప్పటివారికి చెప్పినా అర్థం కాదు. ఆ రోజంతా కాగితం ముందు పెట్టుకొని కూర్చున్నాను. అబద్ధమాడను, ఆ పూట ఉత్తరం రాయలేదు.

రెండవనాడు రాశాను. ప్రామాణికమని నమ్మిన పాత నోట్సును అనుసరించడం వల్ల కీలో పొరపాటు దొర్లినదని, మన్నించి ఈ అభ్యర్థి జవాబును తిరిగి పరిశీలించవలసినదని. దీవెనమ్మను పిలిపించి చదవమన్నాను. ఆమె రెండుసార్లు చదివింది.

"సార్, ఒకటి అడగొచ్చా?"

"అడుగమ్మా."

"దిద్దినాయన అనుమానపడి మీకు చూపించారన్నారు. అప్పుడు మీరు కీ చూసి సున్న చుట్టారా, సిస్టరుగారు చెప్పారని నేను రాసింది చూసి చుట్టారా?"

ఏనాడూ తరగతిలో నోరెత్తని పిల్ల. ఏ న్యాయసభలోనూ నన్నింత సూటిగా ఎవరూ ప్రశ్నించలేదు. కీ చూసి అని చెప్పవచ్చు. కాదనగల సాక్ష్యం లేదు. నేను శిబిరాన్ని తలచుకున్నాను. అదే సంగతి ఏ లండను పండితుడో చెప్పాడని రాసి ఉంటే నా చేయి ఆగేది. లేచి పుస్తకం వెదికేవాణ్ణి. ఆస్పత్రిలో కట్లు కట్టే ఒక నల్లని సిస్టరు చెప్పిందని, ఆ మాట విని రాసినవారు ఎటువంటి ఇంటివారై ఉంటారో తెలిసిందని నవ్వాను. కళ్ళారా చూసి ఉన్నదున్నట్టు చెప్పేవారి మాట శబ్దప్రమాణమని చిన్ననాడే చదువుకున్నవాణ్ణి, ఎవరు చూశారన్నది మాత్రమే చూశాను.

"ఆ వాక్యం చూసి, అమ్మా," అన్నాను.

"అయితే అది కూడా రాయండి సార్."

గొంతు పెంచలేదు. ఏడవలేదు. మార్కుల కోసం బతిమాలే విద్యార్థులను వందలమందిని చూశాను, నా చేత నిజం రాయించిన విద్యార్థిని ఈమె ఒక్కతే. ఉత్తరం చింపి మళ్ళీ రాశాను.

విశ్వవిద్యాలయంలో పరీక్షల విభాగాధికారి నా చేతి నుంచి దానిని తీసుకొని చదువుతూ ఒకచోట ఆగారు. కళ్ళజోడు తీశారు.

"ఏమిటిది శాస్త్రిగారూ? 'చెప్పిన వ్యక్తిని, రాసిన వ్యక్తిని చులకన చేసి' అని రాశారు. ఇది ఫైలులోకి ఎక్కుతుందండీ! కీలో పొరపాటు అన్నారు కదా, చాలు. ఈ వాక్యం కొట్టేయండి."

"కొట్టేస్తే మిగిలినది నిజం కాదండీ."

ఆయన కళ్ళజోడు తిరిగి పెట్టుకొని, ముద్ర వేశారు. ఇటువంటి జవాబు ఇంకెంతమంది రాసి ఉంటారని నేను అడిగాను. దరఖాస్తు పెట్టినవారి పత్రాలే బయటికి తీస్తామని, మిగిలినవి కట్టలు కట్టి గోదాములో ఉన్నాయని, వాటిని విప్పే నియమం లేదని చెప్పారు. ఎవరున్నారో, ఎవరూ లేరో! ఆ గోదాము ముందు నుంచి నడిచి బస్టాండుకు వచ్చాను. దాని తలుపుకు గడియ వేసి ఉంది.

ఆరు మార్కులు

పత్రాన్ని తిరిగి దిద్దే పని శేషగిరికి అప్పగించారు. దీవెనమ్మకు ఇరవైకి పద్నాలుగు వచ్చాయి, మొత్తం నలభై ఐదు. మార్కుల లిస్టు గడువుకు రెండురోజుల ముందు అందింది. ఆమె బి.ఇడి.లో చేరింది. నా పేరు జాబితా నుంచి పోయింది, మళ్ళీ ఎక్కలేదు. ఎక్కించమని నేను అడగనూ లేదు.

కొన్ని నెలల తరువాత గుంటూరు బస్టాండులో శేషగిరి కనిపించాడు. టీ తాగుతూ, మనసులో ఉన్న మాట అడిగేశాను.

"ఆ అమ్మాయి రాసినదంతా నిజమేనని తేలింది కదయ్యా. ఆరు మార్కులు ఎందుకు తగ్గించావు? ఇంత జరిగాక కూడా చేయి రాలేదా?"

అతను కొంచెం ఇబ్బందిపడ్డాడు.

"అంతా నిజం కాదండీ మాస్టారూ. రెండు మండళ్ళలో పాతది ఏదో, కొత్తది ఏదో తారుమారు చేసింది. సెనేటుకు జనమే నేరుగా ఓటు వేస్తారని కూడా రాసింది. అది తప్పు కదండీ. జాలిపడి వేస్తే ఆ అమ్మాయిని మళ్ళీ తక్కువ చేసినట్టు ఉంటుందని, చదివి వేశాను."

టీ గ్లాసు పక్కన పెట్టాను. ఫ్రాన్సు ఎగువసభ అయిన సెనేటుకు ప్రత్యక్ష ఎన్నిక లేదన్నది నేను ఇరవై ఏళ్ళుగా చెబుతున్న నోట్సులోనే ఉంది. నా కీలోనూ ఉంది. ఆ పత్రం నా చేతిలో ఉన్నప్పుడు ఆ తప్పు నాకు కనబడలేదు. అంతదాకా నేను చదవనే లేదు.